అన్నయ్య నిలబడ్డ ఏళ్ళు

(లెక్కల మేష్టారి శిష్యులు ఏటా జరిపే స్మారక సభలో ఆయన చెల్లెలు చేసిన ఉపన్యాస పాఠం)



ఈ వేదిక మీద ఇప్పటిదాకా లెక్కల గురించే ఉపన్యాసాలు జరిగాయి. అన్నయ్యకు ప్రాణమైన విషయం అదే కాబట్టి అలా జరగడమే సబబు. ఈసారి మాత్రం ఆయన శిష్యులు ఇద్దరు మా ఇంటికొచ్చి, "మేష్టారి జబ్బు గురించి మీరు మాట్లాడితే వినాలని ఉందమ్మా" అన్నారు. వదినను అడిగాను. "చెప్పు. ఇంకా దాచి ఎవర్ని కాపాడాలి?" అంది. పిల్లలూ సరేనన్నారు. అందుకని ఇవాళ ఇలా మీ ముందు నిలబడ్డాను.

అన్నయ్య డిప్రెషన్ అనే జబ్బుతో ఇరవై ఏళ్ళ పైచిలుకు బతికాడు. చివరికి ఆత్మహత్య చేసుకుని పోయాడు. ఈ సంగతి హాల్లో ఉన్న అందరికీ తెలుసు. ఈ మైకులో మాత్రం ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదు. ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది అన్నవి నేను చెప్పను. అవి తెలిసి ఎవరికీ ఒరిగేది లేదు, వినేవాళ్ళలో బాధలో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకు చెరుపు కూడా. నా గోడు ఒక్కటే. ఒక మనిషి ఇరవై ఏళ్ళు రోజూ లేచి నిలబడితే, ఆయన్ని పడిపోయిన ఒక్క రోజుతో గుర్తుపెట్టుకోవడం అన్యాయం. ఆ ఏళ్ళ సంగతి చెప్పడానికే వచ్చాను.

మొదటిసారి జబ్బు చేసేనాటికి అన్నయ్యకు ముప్పై నాలుగేళ్ళు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. పొద్దుటిపూట బరువుగా ఉండి, సాయంత్రానికి కాస్త తేలికపడేవాడు. అన్నం సహించేది కాదు. వదిన గోంగూర పచ్చడి నూరితే వాసనకే వంటింట్లోకి వచ్చే మనిషి, విస్తట్లో వేసినా చూసేవాడు కాదు. బరువు తగ్గాడు. కామెర్లేమోనని రక్తపరీక్ష, గ్యాస్ ఏమోనని మందులు, థైరాయిడ్ ఏమోనని ఇంకో పరీక్ష. అన్నీ బాగానే ఉన్నాయి. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఆఖరికి మాకు తెలిసిన ఒక ఫిజీషియన్, "ఇది మనసు డాక్టరు చూడాల్సిన జబ్బు, ఆలస్యం చేయకండి" అని చీటీ రాసిచ్చాడు.

అప్పట్లో ఒక రోజు పొద్దున నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. పెరట్లో గోలెం దగ్గర బ్రష్షు మీద పేస్టు వేసుకుని నిలబడ్డాడు. నేను పాలు కాచి, కాఫీ కలిపి, గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేసరికి ఇంకా అలాగే ఉన్నాడు. పేస్టు జారి లుంగీ మీద పడింది. "ఏంటన్నయ్యా?" అన్నాను. "చెయ్యి పైకి ఎత్తాలి కదా" అన్నాడు. నా మీద విసుగూ లేదు, తనమీద జాలీ లేదు. ముందున్న పని ఏమిటో చెబుతున్నాడంతే. ఇంకాసేపటికి ఎత్తాడు. పళ్ళు తోముకున్నాడు. స్నానం చేశాడు. తొమ్మిదిన్నరకల్లా చొక్కా టక్ చేసుకుని కాలేజీకి వెళ్ళాడు. ఆ రోజు క్లాసులో కూర్చున్నవాళ్ళెవరికీ మేష్టారు అక్కడిదాకా ఎలా వచ్చాడో తెలిసి ఉండదు.

ఇంకో సంగతి మీలోనే ఒకరు చెప్పారు. సీనియర్ ఇంటర్ వాళ్ళకు పరావలయం మీద లెక్క చేస్తూ చేస్తూ ఆగిపోయి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, "రేపు చూద్దాం" అని వెళ్ళిపోయాడట. ఆ రేపు రెండు నెలలకు గానీ రాలేదు. వచ్చిన రోజు హాజరైనా వేయకుండా, ఆగిపోయిన మెట్టు నుంచే లెక్క అందుకున్నాడట. అంత గుర్తెలా ఉందని మీరు ఆశ్చర్యపోయారు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఆ రెండు నెలలూ ఆయన్ని తిన్నది అదే. పిల్లల లెక్క సగంలో వదిలేశానని, జీతం ఊరికే తీసుకుంటున్నానని, తనవల్ల అందరికీ నష్టమేనని. చెయ్యని తప్పులకు తనను తాను దోషిగా నిలబెట్టుకోవడం ఈ జబ్బు లక్షణం. ఎదుటివాళ్ళు "నీ తప్పేం లేదు" అని ఎంత చెప్పినా లోపలికి దిగదు.

వైద్యానికి అన్నయ్యా, వదినా విశాఖ వెళ్ళేవాళ్ళు. సామర్లకోటలో రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. కాలేజీలో కంటి పరీక్ష అని చెప్పేవాడు. దగ్గర్లో డాక్టర్లు లేక కాదు, మనసు డాక్టరు బోర్డున్న ఆస్పత్రి మెట్లు ఎక్కుతూ తెలిసినవాళ్ళ కంట పడకూడదని. మన సినిమాల్లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరెత్తితే చాలు హాలంతా నవ్వుతుంది కదా. ఆ నవ్వుకు భయపడి ఎన్ని కుటుంబాలు ఎన్ని రైళ్ళెక్కాయో.

ఇక వదిన సంగతి. వాళ్ళ వంటింటి తలుపు పక్కన గోడకు క్యాలెండర్ ఉండేది. పాల పద్దు, గ్యాస్ బండ వచ్చిన తేదీ, పనిమనిషి రాని రోజులు, అన్నీ దాని మీదే. అన్నయ్య జబ్బు పద్దు కూడా వదిన దాని మీదే రాసేది. గడిలో కింద మూల చుక్క పెడితే రాత్రి నిద్రపట్టిందని. అడ్డగీత గీస్తే అన్నం సగంలో లేచాడని. తేదీ చుట్టూ సున్నా చుడితే కాలేజీకి వెళ్ళాడని. వచ్చినవాళ్ళు చూసినా పాల లెక్కే అనుకునేవాళ్ళు. విశాఖ వెళ్ళేటప్పుడు ఆ నెలల కాగితాలు చింపి మడిచి సంచిలో పెట్టుకునేది. డాక్టరు "ఎలా ఉన్నారు మేష్టారూ?" అంటే అన్నయ్య "పర్వాలేదండీ" అనేవాడు. డాక్టరు నవ్వి, వదిన వైపు చెయ్యి చాపేవాడు. ఆ కాగితాలు బల్ల మీద పరిచి, పెన్నుతో చుక్కలు లెక్కపెట్టి, దాన్నిబట్టి మోతాదు మార్చేవాడు.

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పాను. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ పాఠం చెప్పినప్పుడల్లా నాకు వదిన క్యాలెండర్ కళ్ళముందు మెదిలేది. ఎందుకో చెబుతాను. వర్జీనియా భర్త లియొనార్డ్ పెళ్ళికి ముందు, 1904 నుంచి 1911 దాకా సిలోనులో ఉద్యోగం చేశాడు. జాఫ్నాలో తమిళం, తర్వాత సింహళం నేర్చుకున్నాడు. 1912లో వాళ్ళ పెళ్ళయింది. మరుసటేడే, ఆమెకు అంతకుముందు నుంచీ ఉన్న మనసు జబ్బు తీవ్రంగా తిరగబెట్టింది. ఆమె నిద్ర, తిండి, ఆ పూట ఆమె ఎలా ఉందీ అన్నవన్నీ ఆయన రోజూ డైరీలో రాసుకునేవాడు. పక్కవాళ్ళెవరూ చదవలేకుండా తమిళ, సింహళ అక్షరాలతో ఒక సంకేత లిపి కట్టుకుని రాశాడు. వదినకు లియొనార్డ్ వుల్ఫ్ ఎవరో తెలియదు. అయినా ఇంగ్లండులో ఆయన చేసిందీ, మా ఊరి వంటింట్లో ఈవిడ చేసిందీ ఒకటే పని.

వర్జీనియాకు మొదటిసారి ఈ జబ్బు పదమూడో ఏట, 1895లో, తల్లి పోయాక వచ్చింది. 1904లో తండ్రి పోయాక మళ్ళీ. 1913 నుంచి 1915 దాకా మరీ ఘోరంగా. అప్పటి డాక్టర్ల దగ్గర మందు లేదు. పడుకోమనేవాళ్ళు, పాలు బాగా తాగమనేవాళ్ళు, చదవొద్దు, రాయొద్దు అనేవాళ్ళు. రాయడమే ఊపిరైన మనిషికి అది వైద్యమో శిక్షో మీరే ఆలోచించండి. "మిసెస్ డాలోవే" నవలలో ఆ డాక్టర్లను ఆమె వదిలిపెట్టలేదు. 1917లో భార్యాభర్తలు రిచ్‌మండ్‌లో తమ ఇంట్లోనే ఒక చిన్న చేతి అచ్చుయంత్రం పెట్టుకున్నారు. చేతికి పని ఉంటే ఆమె మనసు కాస్త కుదుటపడుతుందని లియొనార్డ్ ఆశ. టైపు ఒక్కో అక్షరమే ఏరి పేర్చడం ఆమె పని. ఆ ఇంటి పేరుతోనే హోగార్త్ ప్రెస్ అయింది. కొన్నేళ్ళకు ఎలియట్ "వేస్ట్ ల్యాండ్"నీ, ఫ్రాయిడ్ రచనల అనువాదాల్నీ అచ్చువేసింది.

1915 తర్వాత ఆమె ఇంకా 26 ఏళ్ళు బతికింది. "మిసెస్ డాలోవే" 1925లో, "టు ది లైట్‌హౌస్" 1927లో, "ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్" 1929లో, "ది వేవ్స్" 1931లో వచ్చాయి. మనం చదివేవన్నీ దాదాపుగా ఆ 26 ఏళ్ళలోవే. తలనొప్పి, నిద్రలేమి మొదలవగానే పని ఆపి పడుకుని, మళ్ళీ లేచి, మళ్ళీ రాసింది. 1941 మార్చిలో, యాభై తొమ్మిదో ఏట పోయింది. ఆమె పేరు చెప్పగానే చాలామందికి ముందు ఆ చావు గుర్తొస్తుంది. నా క్లాసులోనూ ముందుగా దాని గురించే అడిగేవారు. ఆ 26 ఏళ్ళు ఆమె ఎలా రాయగలిగింది అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నాకు అసలు ప్రశ్న అదే.

ఆమె పోయాక జరిగింది కూడా చెప్పాలి. భర్తకు రాసిపెట్టిన ఉత్తరంలో ఒక వాక్యాన్ని అక్కడి విచారణ అధికారి తప్పుగా చదివాడు. జబ్బు తిరగబెడుతోంది, మళ్ళీ అది పడలేనన్న అర్థంలో ఆమె రాస్తే, యుద్ధకాలం కష్టాలకు తాళలేకపోయిందన్న అర్థం వచ్చేలా పత్రికల్లో పడింది. ఒక బిషప్ గారి భార్య సండే టైమ్స్‌కు ఉత్తరం రాసింది. ఇంతకన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళు ధైర్యంగా నిలబడి ఉంటే ఈవిడకేమని నిలదీసినట్టు. భార్య పోయిన దుఃఖంలో ఉన్న మనిషి కూర్చుని, ఆమె రాసింది అది కాదు, ఆమెకున్నది జబ్బు, అని జవాబు రాయాల్సి వచ్చింది.

ఆ బిషప్ గారి భార్య ఉత్తరం లాంటి మాటలు మేమూ విన్నాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "ఏం తక్కువైందమ్మా? గవర్నమెంటు ఉద్యోగం, బంగారం లాంటి పిల్లలు" అన్నవాళ్ళున్నారు. "ఇంత పిరికివాడనుకోలేదు" అన్న పెద్దమనిషి ఉన్నాడు. పేస్టు వేసుకున్న బ్రష్షు పట్టుకుని పెరట్లో నిలబడి, చివరికి చెయ్యెత్తి, పళ్ళు తోముకుని పాఠం చెప్పడానికి వెళ్ళిన మనిషి పిరికివాడా? ఆ మాట నాకు ఇప్పటికీ మంటే. ఆ మంట తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

పంచనామా రాసేటప్పుడు మా బంధువు ఒకాయన వదినను పక్కకు పిలిచి, "కడుపునొప్పి భరించలేక అని రాయిద్దాం, అందరూ అలాగే రాయిస్తారు, పిల్లలకు సంబంధాలు చూడాలి కదా" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. మన పేపర్లలో చిన్న వార్తల్లో కనిపించే కడుపునొప్పులు ఎన్ని ఇలాంటివో. వదిన లోపలికెళ్ళి, బీరువాలోంచి ప్రిస్క్రిప్షన్ల ఫైలు తెచ్చి, రాస్తున్నాయన ముందు పెట్టింది. "డిప్రెషన్. ఇన్నేళ్ళుగా మందులు వాడుతున్నారు. ఇవిగో కాగితాలు. ఇదే రాయండి" అంది. ఆ క్షణంలో ఆ ఇంట్లో నిటారుగా ఉన్నది ఆవిడ ఒక్కతే.

దేశం మొత్తం మీద 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో కారణాల పట్టిక ఉంటుంది. కుటుంబ సమస్యలు సుమారు 32 శాతం, అనారోగ్యం 18 శాతం, ఇలా. ఒక మనిషికి ఒక గడి. బతుకులు అలా గళ్ళలో ఇమడవు. అప్పు, గొడవ, అవమానం, జబ్బు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. ఆ గడిలో కడుపునొప్పి రాసినకొద్దీ అసలు జబ్బు ఎవరి కంటికీ ఆనదు. ఆనని జబ్బుకు డాక్టర్లనూ మందులనూ ఎవరు ఇస్తారు? 2015–16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో నూటికి 85 మంది దాకా వైద్యానికి దూరంగానే ఉన్నారని తేలింది. ఆ 12లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు, కానీ మన దగ్గర ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందని నేను అనుకోను.

చట్టం కొంత మారింది. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ళను నేరస్థులుగా చూసే 309 సెక్షన్ బ్రిటిష్ కాలం నుంచీ ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలనీ, శిక్షించకూడదనీ, ప్రభుత్వం వైద్యం అందించాలనీ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా ఆ 2017 చట్టంలోనే ఉంది. మీ పాలసీ కాగితాలు ఒకసారి తీసి చూసుకోండి.

మందుల సంగతి. వర్జీనియాకు దొరకని మందు అన్నయ్యకు దొరికింది. డిప్రెషన్‌కు మొదటి మాత్రలు 1950ల్లో వచ్చాయి. స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే డాక్టరు ఇమిప్రమిన్ అనే మందు ఈ రోగులకు పనిచేస్తుందని గమనించాడు. ఇప్పుడు చాలా రకాలున్నాయి. కాకపోతే వేసుకున్న మర్నాడే గుణం కనిపించదు, కొన్ని వారాలు పడుతుంది. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి చూడాలి. ఆ వారాలు ఓపిక పట్టడం రోగికీ ఇంటివాళ్ళకూ గండమే. అన్నయ్యకు రెండో మందు పడింది. కోలుకున్నాక ఒక చుట్టం, "ఆ మాత్రలు అలవాటైతే జన్మలో వదలవు, ఇప్పుడు బాగానే ఉన్నావుగా" అని ఆపించాడు. ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈ మాత్రలు మత్తుమందుల్లా మనిషిని బానిసను చేసేవి కావు. కానీ డాక్టరు చెప్పకుండా ఉన్నపళంగా ఆపకూడదు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళలో సుమారు సగం మందికి మళ్ళీ వస్తుంది. రెండు మూడుసార్లు వచ్చినవాళ్ళకైతే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. అందుకే తగ్గాక కూడా కొన్నాళ్ళు, కొందరికి చాన్నాళ్ళు, మందు వాడమంటారు.

ఆ మందుతో, ఆ చుక్కలతో మాకు దక్కిన కాలం ఎంతనుకున్నారు! పెద్దదాని పెళ్ళికి పందిట్లో నిలబడి కన్యాదానం చేశాడు. ఆదివారాలు అరుగు మీద తాటాకు పందిరి కింద ఫీజు లేకుండా లెక్కలు చెప్పాడు. స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళొచ్చి, ఒక పిల్లాడు జవాబు తప్పయినా దారి ఎంత అందంగా పట్టాడో భోజనాల దగ్గర కాగితం మీద వేసి చూపించాడు. వర్షాకాలం రాగానే దేవుడికి దండం పెట్టి మరీ పులస కోసం తిరిగాడు. మధ్యలో చీకటి నెలలు వచ్చాయి, పోయాయి. వచ్చినప్పుడల్లా తిరిగి లేచాడు.

వదిన ఒక పని చేసేది. చాలామంది చెయ్యడానికి భయపడే పని. అన్నయ్య మరీ ముడుచుకుపోయినప్పుడు పక్కన కూర్చుని, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడిగేది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని మనవాళ్ళ భయం. అలా ఏమీ జరగదు, పైగా అడగడమే మేలని ఈ రంగంలో పనిచేసేవాళ్ళంతా చెబుతారు. అన్నయ్య కొన్నిసార్లు "లేదు" అనేవాడు. కొన్నిసార్లు తల ఊపేవాడు. తల ఊపిన రాత్రి ఆవిడ ఒంటరిగా వదిలేది కాదు. నన్నో, పక్కింటి మావయ్యగారినో పిలిచేది. వరండాలో లైటు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఉపదేశాలు చెయ్యకూడదని ఆవిడ షరతు. ఆయన మాట్లాడితే వినేవాళ్ళం, లేకపోతే ఊరికే కూర్చునేవాళ్ళం. పొద్దున్నే డాక్టరుకు ఫోను. అలాంటి రాత్రులు గడిచాయి. గడిచాక చాలా ఏళ్ళు ఆయన బతికాడు. ఆ ఆలోచన ఎంత బలంగా వచ్చినా అలలాగా తగ్గుతుంది, తగ్గేదాకా మనిషి తోడుండాలి.

ఈ హాల్లో ఎవరికైనా ఇప్పుడు అలా ఉంటే, ఇంట్లో ఎవరికైనా ఉందని అనుమానమైతే, 14416 రాసుకోండి. టెలీ మానస్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మా రోజుల్లో అది లేదు.

చివరిసారి తిరగబెట్టినప్పుడు అన్నయ్య మందులు వేసుకుంటూనే ఉన్నాడు. డాక్టరు మోతాదు మార్చాడు. వదిన చుక్కలు పెడుతూనే ఉంది. ఎవరూ ఏ పనీ తప్పలేదు. వైద్యం జరుగుతుండగానే మనిషి పోవడం గుండెజబ్బులో ఉంది, కేన్సర్లో ఉంది, దీన్లోనూ ఉంది. అలాగని వైద్యం దండగ అని ఎవరూ అనుకోవద్దు. ఈ జబ్బు చేసినవాళ్ళలో ఎక్కువమంది కోలుకుంటారు. నా ఎదురుగా కూర్చున్నవాళ్ళలోనే అలా కోలుకున్నవాళ్ళున్నారు, నాకు తెలుసు.

ఆయన పోయాక ఊరు వదినతో ఎలా మెలిగిందో కూడా చెబుతాను, ఎందుకంటే అది మన చేతిలో ఉన్న పని. గుండెపోటుతో పోయుంటే ఏడాది పొడుగునా ఆయన కబుర్లే చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఆయన పేరెత్తితే బాధపడుతుందేమోనని మాట మార్చేస్తారు. మొదట్లో వచ్చినవాళ్ళు తర్వాత రావడం తగ్గించారు. ఒకటి రెండు శుభకార్యాలకు పిలుపు కూడా రాలేదు. "ఆ ఇంట్లో ఆ జబ్బుందట" అని చిన్నవాడి సంబంధం దగ్గర ఎవరో అన్నారు. దగ్గరి రక్తసంబంధంలో ఉంటే అవకాశం కొంత ఎక్కువన్నది నిజం. వచ్చి తీరుతుందనడం మాత్రం అబద్ధం. చక్కెర జబ్బున్న ఇళ్ళల్లో పిల్లల పెళ్ళిళ్ళు ఆగడం నేనెక్కడా చూడలేదు. ఆ సంబంధం వాళ్ళు చివరికి ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి ఇవాళ ఇక్కడే ఉంది. పెళ్ళికి ముందే మా వాడు అన్నీ తనతో చెప్పాడు.

వదిన ముందు వరసలో కూర్చుంది. అన్నయ్య ఇంట్లో ఎలా ఉండేవాడో ఆవిడకు తెలుసు. క్లాసులో ఎలా ఉండేవాడో, ఎవరి చెవి మెలేశాడో, ఎవరికి చెప్పకుండా పరీక్ష ఫీజు కట్టాడో ఆవిడకు తెలియదు, ఆయన చెప్పేవాడు కాదు. భోజనాలకు ఇంకా టైముంది. నేను కూర్చుంటాను. మీరు ఒక్కొక్కరే వచ్చి మీ మేష్టారి సంగతులు ఆవిడకు చెప్పండి. ఆయన బాగాలేని రోజుల సంగతులైనా సరే, వడపోయకుండా చెప్పండి. ముందు ఆ పరావలయం లెక్క క్లాసులో ఉన్న బ్యాచ్ వాళ్ళు రండి.